బెంగళూరు క్యాంపస్‌లో ఆరోగ్య బృందం నడపాలంటే: ఆదివారం షెడ్ల నుంచి సోమవారం ఓపీ దాకా

బెంగళూరులో చదువుకునే తెలుగు పిల్లలు ప్రతి ఏడాదీ నన్ను ఒకటే అడుగుతారు. "అన్నా, మేము కూడా ఏదో ఒకటి చేయాలనుకుంటున్నాం. హెల్త్ క్యాంప్ పెడదామా?" ఇప్పుడే వద్దు అంటాను. ఎందుకో చెప్పాలంటే మా మొదటి క్యాంప్ గురించి చెప్పాలి.

సర్జాపుర వైపు పెద్ద అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట, వెనక రేకుల షెడ్లలో కూలీలు ఉండేవాళ్లు. సగం మంది రాయచూరు, యాదగిరి వాళ్లు. మిగతా సగంలో కర్నూలు, నారాయణపేట వైపు నుంచి వచ్చిన మనవాళ్లు ఎక్కువ. బ్యానర్ కట్టాం, రెండు బీపీ మిషన్లు పెట్టాం, ఒక డాక్టర్ గారిని బతిమాలి తీసుకొచ్చాం. మధ్యాహ్నానికి జనం పల్చబడ్డాక ఒక అక్క వచ్చి కూర్చుంది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో మూడు ఖాళీ దగ్గు మందు సీసాలు. వాటిని వరసగా టేబుల్ మీద పెట్టి, "రెండు నెలలాయె సార్ దగ్గు. పోయిన కాడల్లా ఇదే ఇచ్చిండ్రు. మీరు గూడ ఇదే ఇస్తరా?" అంది.

మా డబ్బాలో ఉన్నది కూడా అదే. ఆ రోజు ఆమెకు టీబీ ఉందేమో చూసే కఫం పరీక్ష ఎక్కడ చేస్తారో మాలో ఒక్కరికీ తెలియదు. ఆమెకు తన ఒంట్లో ఏదో తేడా ఉందని తెలుసు. మూడు చోట్లకు నడిచింది, డబ్బులు పెట్టింది. ఆమెకు అవగాహన లేక కాదు. ఆమె వెళ్లిన ప్రతి చోటా దారి మధ్యలోనే తెగిపోయింది.

ఇది కొత్త విషయం కూడా కాదని తర్వాత చదివాను. జాతీయ క్షయ సంస్థ 1959లో మొదలైంది మన బెంగళూరులోనే, బళ్లారి రోడ్డులో. అక్కడి పరిశోధకులు డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లా పల్లెల్లో టీబీ ఉన్నవాళ్లను కలిసి మాట్లాడి, 1963లో ఒక అధ్యయనం ప్రచురించారు. పల్లె జనానికి జబ్బు గురించి తెలియదు, అందుకే ఆస్పత్రికి రారు అని అప్పటిదాకా అందరూ అనుకునేవాళ్లు. ఈ పరిశోధకులకు కనిపించింది వేరు. చాలామందికి తమ లక్షణాలు తెలుసు. దాదాపు సగం మంది అప్పటికే ప్రభుత్వ ఆస్పత్రి గడప తొక్కి వచ్చారు. వాళ్లను అక్కడ దగ్గు మందు ఇచ్చి పంపించేశారు. అరవై ఏళ్లు గడిచాక మా టేబుల్ మీద అవే సీసాలు.

కాబట్టి మీరు పెట్టబోయే బృందం పని ఇది: ఆ దారి ఎక్కడ తెగుతోందో కనిపెట్టడం, అక్కడ మనిషి పక్కన నిలబడటం. ఎలాగో చెప్తాను.

ముందు అయిదుగురు చాలు

యాభై మందితో వాట్సాప్ గ్రూప్ పెట్టకండి. ప్రతి ఆదివారం రాగలిగిన అయిదారుగురిని వెతకండి. అందులో కనీసం ఇద్దరు ఆడపిల్లలు ఉండాలి. మగపిల్లలు మాత్రమే వెళ్తే షెడ్లలో ఆడవాళ్లు నోరు విప్పరు, విప్పాల్సిన అవసరమూ లేదు. ఒకరు నర్సింగో మెడిసినో సోషల్ వర్కో చదువుతుంటే మంచిది. మీ కాలేజీలో ఆ కోర్సులు లేకపోతే పక్క కాలేజీ వాళ్లను అడగండి.

కన్నడ బాగా మాట్లాడే స్నేహితుడో స్నేహితురాలో ఒకరు తప్పనిసరి. మనం తెలుగువాళ్లం, తెలుగు కూలీల కోసం వెళ్తున్నాం కదా అని తెలుగు సంఘంలా తయారైతే పని నడవదు. షెడ్డులో పక్క గదిలో రాయచూరు వాళ్లుంటారు, ఆ పక్కన బెంగాల్ వాళ్లుంటారు. కుళాయి ఒకటే, జ్వరాలూ అవే. పైగా ఆస్పత్రి కౌంటర్‌లో నడిచేదంతా కన్నడమే.

అనుమతి విషయంలో కొత్తగా క్లబ్ రిజిస్టర్ చేయించే తతంగం పెట్టుకోకండి. మీ కాలేజీలో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ ఉంటే ప్రోగ్రామ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లండి. 1969లో మొదలైన ఈ పథకంలో ఒక వాలంటీర్ రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. చాలా చోట్ల ఆ గంటలు మొక్కలు నాటడంతోనూ ర్యాలీలతోనూ నిండిపోతాయి. "సార్, మా గంటలు ఒకే కాలనీలో పెడతాం, ప్రతి వారం రిపోర్ట్ ఇస్తాం" అనండి. ఒక లెటర్, ఒక ఐడీ కార్డు, ఏదైనా జరిగితే ఫోన్ ఎత్తే ఒక పెద్దమనిషి, ఈ మూడూ దొరుకుతాయి. సైట్ సెక్యూరిటీ ఆపినప్పుడు ఆ లెటరే పనికొస్తుంది.

ఒకే కాలనీ, ఒకే టైము

క్యాంపస్ నుంచి నడిచి గానీ ఒక బస్సులో గానీ వెళ్లగలిగినంత దూరంలో ఒక్క లేబర్ కాలనీ ఎంచుకోండి. దూరం ఎక్కువైతే ఇంటర్నల్స్ రాగానే మానేస్తారు. ఎంచుకున్నాక మొదట తెలుసుకోవాల్సింది ఆ షెడ్లు ఎవరి పరిధిలోకి వస్తాయన్నది. నగర పరిధిలో ఉంటే వార్డులో నమ్మ క్లినిక్కో పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమో ఉంటుంది. బెంగళూరు అంచుల్లో చాలా కాలనీలు ఇంకా గ్రామ పంచాయతీల కిందే ఉన్నాయి. అక్కడ పీహెచ్‌సీ వేరు, ఆశా కార్యకర్త వేరు, అంగన్‌వాడీ వేరు. రోడ్డుకు ఇవతల నగరం, అవతల పంచాయతీ అయితే షెడ్లను ఎవరూ తమవి అనుకోరు. మా కాలనీ అలాంటిదే. "అది మా ఏరియా కాదు" అని రెండు వైపులా అన్నారు. పరిధి తేల్చి కాగితం మీద రాసుకోవడానికే మాకు రెండు వారాలు పట్టింది. ఆ పని చేశాకే ఆశా కార్యకర్త కాలనీలో అడుగుపెట్టింది.

ఆ తర్వాత మేస్త్రీని కలవండి. కూలీలను ఊరి నుంచి తెచ్చింది ఆయనే, అడ్వాన్సులు ఇచ్చిందీ ఆయనే. ఆయనకు తెలియకుండా లోపలికి వెళ్తే మీరు వెళ్లిపోయాక కూలీలకు మాట పడుతుంది. "మేస్త్రీ గారూ, మేము ఫలానా కాలేజీ పిల్లలం. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆస్పత్రికి తోడు వెళ్తాం. కూలి డబ్బుల సంగతి మేము అడగం" అని ముందే చెప్పండి. ఆ చివరి మాట నాకూ కష్టంగానే ఉండేది. కూలి బాకీలు ఉన్నాయని తెలిసినప్పుడు కార్మిక సంఘాల వాళ్ల నంబర్ కూలీలకు విడిగా ఇచ్చేవాళ్లం. ఆరోగ్యం కోసం తెరిచిన తలుపు మూసుకుపోకూడదు.

వెళ్లే టైము ఆదివారం పొద్దున పది, పదకొండు. వారం ఖర్చులకు డబ్బులు చేతికొచ్చి, బట్టలు ఉతుక్కుని, కాస్త తీరుబడిగా ఉండేది అప్పుడే. సాయంత్రం వద్దు.

మొదటి నాలుగు ఆదివారాలు చేతుల్లో ఏమీ లేకుండా వెళ్లండి. బీపీ మిషన్ కూడా వద్దు. కూర్చుని మాట్లాడండి. ఏ ఊరు అక్కా, పిల్లలు ఇక్కడున్నారా ఊళ్లో ఉన్నారా, నీళ్లు ట్యాంకర్‌వా బోరువా, లెట్రిన్ ఎక్కడ, కిందటిసారి జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లారు, ఎంత అయింది. ఈ చివరి ప్రశ్న బంగారం. దానికి వచ్చే జవాబులోనే దారి ఎక్కడ తెగిందో దొరుకుతుంది. "ఓపీ పొద్దున, మా పనీ పొద్దుననే. ఒక్క రోజు మానితే కూలి పోతది." "పోయినం, కన్నడల అడిగిండ్రు, మాకు తెల్వలె." "ఆధార్ ఊళ్లె ఉంది." జవాబు ఎవరిదైతే వాళ్ల మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసుకోండి, అక్కడే కాదు, బయటికొచ్చాక. పేర్లు రాయొద్దు, షెడ్ నంబర్ చాలు.

మీరే ఓపీ చీటీ తీసుకోండి

ఈ అడుగు చాలామంది వదిలేస్తారు. నేను చూసినంతలో బృందం నిలబడటం, కూలబడటం దీని మీదే ఉంటుంది.

ఒక సోమవారం పొద్దున మీలో ఇద్దరు మామూలు మనుషుల్లా ఆ కాలనీకి దగ్గరున్న ప్రభుత్వ కేంద్రానికి వెళ్లండి. షెడ్ల దగ్గర నుంచే బయల్దేరండి. బస్సు ఎంతసేపు, టికెట్ ఎంత, గేటు దగ్గర ఎవరిని అడగాలి, చీటీ ఎక్కడ, ల్యాబ్ ఎన్నింటికి మూస్తారు, మందుల కౌంటర్ ఏ పక్క, అన్నీ రాసుకోండి. డాక్టర్ గారికీ నర్సమ్మకీ ల్యాబ్ టెక్నీషియన్‌కీ నమస్తే పెట్టి, వచ్చిన పని చెప్పండి. వాళ్లు శత్రువులు కాదు. ఒక్క డాక్టర్ పొద్దుట్నుంచి వంద మందిని చూస్తున్నప్పుడు భాష రాని మనిషికి కేటాయించే టైము రెండు నిమిషాలు కూడా ఉండదు. దగ్గు మందు సీసా పుట్టేది ఆ రెండు నిమిషాల్లోనే. పక్కన నిలబడి "డాక్టర్, ఈమెకు రెండు నెలలుగా దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గింది" అని కన్నడలో ఒక్క వాక్యం చెప్పే మనిషి ఉంటే కథ మారిపోతుంది.

ఇలా తిరిగొచ్చాక ఒక పేజీ కాగితం తయారు చేయండి. ఒక వైపు దారి, రెండో వైపు మాటలు. కన్నడంలో దగ్గును కెమ్ము అంటారు. కడుపు నొప్పి హొట్టె నోవు. జ్వరం జ్వర, వాంతిని అక్కడా వాంతి అనే అంటారు. "ఎష్టు దినదింద?" అని అడిగితే ఎన్ని రోజుల నుంచి అని. "ఊట ఆద మేలె" అంటే అన్నం తిన్నాక. "ఖాలి హొట్టె" అంటే పరగడుపున. మాత్రె అంటే మాత్ర, పాలమూరు వాళ్లకు గోలీ. తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. చదువు రాని వాళ్లకు షెడ్డులో బడికెళ్లే పిల్ల ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు.

ఒక మనిషిని చివరిదాకా

ఇప్పుడు అసలు పని. టీబీని ఉదాహరణగా తీసుకుంటాను. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఇరుకు రేకుల గదులు, సిమెంట్ దుమ్ము, అరకొర తిండి, టీబీకి కావాల్సినవన్నీ లేబర్ కాలనీలో ఉన్నాయి.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, దగ్గులో రక్తం, వీటిలో ఏది ఉన్నా కఫం పరీక్ష చేయించాలి. పరీక్ష, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో పూర్తిగా ఉచితం. ఇప్పుడు చాలా చోట్ల వాడుతున్న ట్రూనాట్ అనే చిన్న మిషన్‌ను తయారు చేసిన ల్యాబ్ కూడా బెంగళూరుదే. ఆ మిషన్ టీబీ ఉందో లేదో చెప్తుంది, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా చెప్తుంది.

ఎంత మంచి మిషనైనా డబ్బాలో ఉమ్ము పోస్తే ఏమీ చెప్పలేదు. ఖాళీ సీసాలు తెచ్చిన మా అక్క విషయంలో మొదటి శాంపిల్ ఇలాగే పోయింది. "ఉమ్మి ఇవ్వమ్మా" అన్నారు, ఆమె ఉమ్మింది. నురగ నురగగా తెల్లగా ఉంది. మర్నాడు మా బృందంలో నర్సింగ్ చదివే అమ్మాయి ఆమెను బయట ఎండలో, గాలి తగిలే చోట కూర్చోబెట్టింది. "అక్కా, ఉమ్ము కాదు, తెమడ కావాలె. లేవంగనే నోరు నీళ్లతో పుక్కిలించు. లోపలికి గట్టిగ ఊపిరి తీసుకో, ఆపు, ఇంకోసారి తీసుకో, ఇప్పుడు గుండెల నుంచి లాగి దగ్గు." చిక్కగా, పచ్చగా వచ్చింది. రెండో రోజు రిజల్ట్‌లో టీబీ అని తేలింది. "తెమడ" అనే ఒక్క మాట తెలిసిన మనిషి పక్కన ఉండటమే తేడా. మీ కాలనీ వాళ్లు దాన్ని ఏమంటారో ముందే కనుక్కోండి.

మందులు మొదలయ్యాక ఆరు నెలల కోర్సు. మొదటి వారంలోనే మానేసే ప్రమాదం ఎక్కువ. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది. ఎవరూ ముందు చెప్పకపోతే రక్తం పోతోందని భయపడి గోలీలు పక్కన పడేస్తారు. కాబట్టి మొదటి రోజే చెప్పండి. రంగు మారడం మామూలే. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలని కూడా అప్పుడే చెప్పండి. రెండో నెలలో ఇంకో గండం. దగ్గు తగ్గిపోతుంది, ఆకలి పుడుతుంది, "నాకు తగ్గింది కదా" అంటారు. ఆ నెలలో ఒక్క ఆదివారం కూడా మానకండి.

టీబీ రోగికి పోషణ కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 1000 రూపాయలు బ్యాంకులో వేస్తారు. 2018లో 500తో మొదలై, 2024 నవంబర్ నుంచి వెయ్యి అయింది. బ్యాంకు ఖాతా వివరాలు ఎక్కకపోతే ఆ డబ్బు రాదు. ఖాతా పాస్‌బుక్ ఊళ్లో అత్తగారి పెట్టెలో ఉంటుంది. ఫోన్ చేయించి ఫోటో తెప్పించండి. మీ బృందం కూడా నిక్షయ్ మిత్రగా, అంటే టీబీ రోగికి తోడ్పడే దాతగా, నమోదు చేసుకుని రోగి ఇష్టపడితే నెలనెలా పప్పులు, నూనె, గుడ్లు ఇవ్వొచ్చు.

ఇక వలస కూలీల విషయంలో అన్నిటికన్నా పెద్ద గండి ఉగాది. పండక్కి ఊరెళ్తారు, పొలం పనులు తగిలితే అక్కడే ఉండిపోతారు, మందులు ఇక్కడ ఆగిపోతాయి. ప్రతి రోగికీ ప్రభుత్వ టీబీ రికార్డులో నిక్షయ్ ఐడీ అనే నంబర్ ఒకటి ఇస్తారు. ఆ నంబర్‌తో చికిత్సను దేశంలో ఎక్కడికైనా బదిలీ చేయొచ్చు. పండక్కి రెండు వారాల ముందే కేంద్రంలో చెప్పి బదిలీ చేయించండి. ప్రయాణానికి సరిపడా మందులు అడగండి. ఊరి ఆశా నంబర్ తీసుకుని మీరే ఒకసారి మాట్లాడండి. మా అక్క ఆ ఐడీని చీటీ మీద రాసి తాళిబొట్టు దారానికి కట్టుకుని పోయింది. మేము చెప్పింది కాదు, ఆమె ఆలోచనే. ఎక్కడైనా చిక్కొస్తే 1800-11-6666కు ఫోన్ చేయొచ్చు, అది టీబీ రోగుల కోసమే పెట్టిన ఉచిత నంబర్.

ఇంట్లో పిల్లలను, పక్కన పడుకునే వాళ్లను కూడా పరీక్షకు పంపాలి. కానీ ఆమెకు టీబీ అన్న మాట ఆమె చెప్పకుండా మీ నోటి నుంచి రాకూడదు. మేస్త్రీ అడిగినా రాకూడదు. షెడ్డు ఖాళీ చేయమన్న సందర్భాలు చూశాను.

మిగతా జబ్బులు

పిల్లల విరేచనాలకు ఓఆర్ఎస్. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కాదు. గ్లాసులో కలిపి తాగిస్తే ఉప్పు ఎక్కువై పిల్లకు ఇంకా ప్రమాదం. లీటరు బాటిల్ చేతిలో పెట్టి చూపించండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో, తల కొట్టి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల్లో కలరా వచ్చినప్పుడు సెలైన్ అయిపోతే, పశ్చిమ బెంగాల్‌లోని బన్గావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఈ ఉప్పు చక్కెర నీళ్లు కలిపి, రోగుల బంధువుల చేతే తాగించారు. చావులు బాగా తగ్గాయి. ప్రపంచమంతా తర్వాత ఆ దారి పట్టింది.

టీకాల కార్డు ఊళ్లో ఉన్నా పిల్లకు ఇక్కడ టీకా వేస్తారు. తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకా మొదటి డోసు పడిందా అని అడగండి. ఆ వయసు నాటికే కుటుంబాలు ఊరు మారుతుంటాయి, అందుకే అది తప్పిపోతుంటుంది. బీపీ, షుగర్ చూడాలనుకుంటే, ఎక్కువ వచ్చిన మనిషిని మర్నాడు ఓపీకి తీసుకెళ్లడానికి మీలో ఒకరు సిద్ధంగా ఉన్నప్పుడే చూడండి. నంబర్ చెప్పి వదిలేస్తే ఇచ్చింది టెన్షన్ మాత్రమే. సైట్‌లో పడి దెబ్బ తగిలితే 108. ఆస్పత్రిలో ప్రమాదం ఎక్కడ, ఎలా జరిగిందో స్పష్టంగా రాయించి కాపీ దగ్గర పెట్టుకోండి. పరిహారం అడగాలంటే ఆ కాగితమే ఆధారం. నిద్ర పట్టక, దిగులుతో, తాగుడుతో నలిగేవాళ్లకు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416. తెలుగులోనూ మాట్లాడతారు. దీనికి దేశం మొత్తానికి మార్గదర్శి అయిన మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ మన ఊళ్లోనే ఉంది.

కాగితాల విషయానికొస్తే, రేషన్ కార్డు మీద కేంద్రం ఇచ్చే బియ్యం వేరే రాష్ట్రంలో కూడా వేలిముద్రతో తీసుకోవచ్చు. ఊళ్లో ఉన్న అత్తమామలు తమ వాటా అక్కడ తీసుకున్నా, మిగిలింది ఇక్కడ తీసుకోవచ్చు. ఇది తెలియక బయట కిలో లెక్కన కొనేవాళ్లు మా కాలనీలో ఎంతమందో. భవన నిర్మాణ కార్మికుల కార్డుకు ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు ధ్రువీకరణ కావాలి. ఆ సంతకం పెట్టించడమే కష్టం. మేస్త్రీతో సంబంధం బాగుంటే అక్కడ పనికొస్తుంది. పెద్ద ఆపరేషన్ అవసరమైతే ఊళ్లో ఇచ్చిన ఆరోగ్య కార్డు తెప్పించి, ఆస్పత్రిలో ఆరోగ్య మిత్ర (ఆ కార్డుల పని చూసే ఉద్యోగి) దగ్గర ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే అడగండి.

వీటి జోలికి వెళ్లకండి

మందులు పంచకండి. పారాసిటమాల్ కూడా. ఒకసారి మీరు గోలీలు ఇచ్చే పిల్లలు అయిపోతే, ఇక ఆస్పత్రికి తోడు వెళ్లే పిల్లలుగా ఎవరూ చూడరు.

రోగుల ఫోటోలు తీయకండి. మీ చెల్లెలు జ్వరంతో మంచం మీద ఉంటే ఎవరో వచ్చి ఫోటో తీసి పోస్ట్ చేస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. రిపోర్ట్‌కు ఫోటో కావాలని కాలేజీ వాళ్లు అడిగితే మీ నోట్‌బుక్ ఫోటో, ఓపీ గేటు ఫోటో ఇవ్వండి.

డబ్బు విషయంలో చాలా జాగ్రత్త. తెలుగు పిల్లలం కాబట్టి అమెరికాలో సీనియర్లు ఉంటారు, "పంపిస్తాం" అంటారు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న సీనియర్ తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే సీనియర్ అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే వస్తుంది. అప్పుడు విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా తీసుకోకూడదు. ఎవరి దగ్గరైనా సరే, మీ వ్యక్తిగత యూపీఐలోకి తీసుకోకండి. నిజానికి మా బృందానికి అయిన ఖర్చు బస్సు టికెట్లు, ఆటోలు, గుడ్లు. నెలకు తలా కొంత వేసుకుంటే సరిపోయింది.

గ్లోబల్ హెల్త్ అనే మాట

మీ యూనివర్సిటీలో గ్లోబల్ హెల్త్ అంటే జెనీవా, ఆఫ్రికా, ఇంటర్న్‌షిప్ అని వినిపిస్తుంటుంది. 1950ల్లో మన దేశంలో టీబీ కార్యక్రమంతో కలిసి దాదాపు పదేళ్లు పనిచేసిన డెన్మార్క్ డాక్టర్ హాఫ్డన్ మాలర్ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆయన హయాంలోనే 1978లో ఆల్మా ఆటా ప్రకటన వచ్చింది, ఆరోగ్యం అందరి హక్కు, దానికి దారి ప్రాథమిక ఆరోగ్య సేవలు అన్నది. జెనీవాలో కూర్చున్న మనిషి వెనుక మన పల్లెల అనుభవం ఉంది.

కాబట్టి నెలకు ఒక సాయంత్రం హాస్టల్‌లో కూర్చుని చదవండి. ఆ నెల షెడ్లలో చూసిన దాని నుంచే మొదలుపెట్టండి. రిఫాంపిసిన్‌కు లొంగని టీబీ ఒకరికి వచ్చిందనుకోండి, అలాంటి టీబీకి వాడే బెడాక్విలిన్ అనే మందు గురించి చదవండి. ఆ మందు మీద పేటెంట్ గడువు పెంచాలని కంపెనీ అడిగితే, టీబీ నుంచి బయటపడిన ఇద్దరు యువతులు, ముంబైకి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే మన పేటెంట్ ఆఫీసులో అభ్యంతరం వేశారు. 2023 మార్చిలో ఆ దరఖాస్తును తిరస్కరించారు. మందుల వల్ల ఇద్దరికీ వినికిడి పోయింది, అయినా పోరాడారు. 2001లో అమెరికాలోని యేల్ విద్యార్థులు తమ యూనివర్సిటీ చేతిలో ఉన్న ఒక హెచ్ఐవీ మందు పేటెంట్ దక్షిణాఫ్రికా పేదలకు అడ్డం కాకూడదని ఒత్తిడి తెచ్చి సాధించారు. విద్యార్థులు అడగగలరు.

మీరు కూడా అడగండి, మీ చేతికి అందేది. మీ యూనివర్సిటీ కొత్త బ్లాక్ కడుతుంటే ఆ సైట్‌లో పిల్లల గది ఉందా? 50 మందికి పైగా ఆడకూలీలు పనిచేసే చోట ఆరేళ్ల లోపు పిల్లలకు గది ఉండాలని 1996 నాటి భవన కార్మికుల చట్టంలోనే రాశారు. మంచినీళ్లు, ఆడవాళ్లకు వేరే లెట్రిన్ ఉన్నాయా? మా క్యాంపస్‌లో లేవు. లెట్రిన్‌కు వెళ్లాల్సొస్తుందని ఆడవాళ్లు పొద్దుట్నుంచి నీళ్లు తాగకుండా పనిచేసేవాళ్లు, మూత్రంలో మంటతో బాధపడేవాళ్లు. ఎస్టేట్ ఆఫీసుకు నాలుగు ఉత్తరాలు రాశాం. అయిదోది వైస్ ఛాన్సలర్‌కు రాశాక రెండు గదులు కట్టారు. నోట్‌బుక్‌లో రాసుకున్న మాటలే ఆ ఉత్తరంలో పెట్టాం, పేర్లు లేకుండా.

మీరు వెళ్లిపోయాక

బృందాలు చచ్చిపోయేది ఏప్రిల్, మే నెలల్లో. పరీక్షలు, ప్లేస్‌మెంట్లు, తర్వాత ఊరు. రోగికి మాత్రం అది మూడో నెలో నాలుగో నెలో అవుతుంది. అందుకే జనవరిలోనే జూనియర్లను కలుపుకోండి. మూడు నెలలు మీతో పాటు తిరగనివ్వండి. వేసవికి ఊరు వెళ్లని ఇద్దరు, పీహెచ్‌డీ వాళ్లో లోకల్ పిల్లలో, తప్పక ఉండాలి. కోర్సు మధ్యలో ఉన్న మనిషిని ఎవరికి అప్పగిస్తున్నారో ఆ మనిషి ఎదుటే చెప్పి అప్పగించండి. "అక్కా, వచ్చే వారం నుంచి ఈ తమ్ముడు వస్తడు" అని.

మీ సొంత నంబర్లు ఇవ్వకండి. చదువు అయిపోగానే అవి ఏ హైదరాబాద్‌లోనో మోగుతాయి. బృందం పేరు మీద ఒక మామూలు బటన్ ఫోన్, ఒక సిమ్ కొనండి. ఆ నంబర్ షెడ్ల తలుపుల వెనక సుద్దముక్కతో రాసి ఉండాలి, కూలీల ఫోన్లలో సేవ్ అయి ఉండాలి. వారానికి ఒకరు చొప్పున దగ్గర పెట్టుకోండి. మీరు వెళ్లిపోయినా సిమ్ ఉంటుంది. మా అక్క కోర్సు అయిపోయిన రోజు నారాయణపేట దగ్గర తన ఊరి నుంచి ఫోన్ చేసింది ఆ నంబర్‌కే. ఎత్తింది ఆమె ఎప్పుడూ చూడని ఒక ఫస్టియర్ పిల్ల. ఆ పిల్ల నోట్‌బుక్ తెరిచి, పాత పేజీ వెతికి, షెడ్ నంబర్ పక్కన తేదీ వేసింది.

రీచార్జ్ అయిపోకుండా చూసుకోండి. శనివారం రాత్రి ఆ ఫోన్‌కు చార్జింగ్ పెట్టి పడుకోండి.